మూడు రోజులు ఊరెళ్తే పెరట్లో కోళ్ళను నక్క నుంచి ఎలా కాపాడుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: పెరట్లో ఎనిమిది నాటుకోళ్ళు, అందులో ఒకటి పొదుగు మీద ఉంది. రాత్రిళ్ళు ఇంటి వెనక నక్క ఊళలు వినిపిస్తున్నాయి. ఇంటిల్లిపాదీ మూడు రోజులు పెళ్ళికి వెళ్ళాలి. పక్కింటివాళ్ళు చూస్తామన్నారు, సరిపోతుందా?

సరిపోతుంది. కాకపోతే వాళ్ళకి మీరేం చెప్పి వెళ్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను తప్పు చెప్పి వెళ్ళాను, ఆరు కోళ్ళు పోయాయి.

మాది అనకాపల్లి దగ్గర ఒక పల్లె. మా ఇల్లు ఊరి చివర, పెరటి గోడ దాటితే చెరకే. చెరకు ఎత్తుగా ఉన్నన్నాళ్ళూ నక్కలకి లోపలే ఎలకలూ పందికొక్కులూ దొరుకుతాయి, పగలు పడుకోవడానికి నీడ ఉంటుంది. బెల్లం గానుగలు మొదలై తోటలు నరికేస్తుంటే ఆ నీడ పోతుంది, అవి ఊరి అంచులకి జరుగుతాయి. మాకు కోళ్ళు పోయేది ఎక్కువగా ఆ నెలల్లోనే.

రెండేళ్ళ కిందట కార్తీకం చివర్లో శ్రీకాకుళంలో మా చెల్లెలి గృహప్రవేశం. రెండు రాత్రులు ఉండాలి. అప్పటికి మాకు పదకొండు కోళ్ళు. గూడు గట్టిదే, ఇటుక గోడ, పైన రేకు, ఇనుప తలుపు. పక్కింటి కుర్రాడు టెన్త్ చదువుతున్నాడు. వాడికి తాళం ఇచ్చి, "ఆరింటికి వచ్చి గొళ్ళెం పెట్టేసి వెళ్ళరా" అని చెప్పాను. మేలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడూ అలాగే చెప్పాను, ఏ ఇబ్బందీ రాలేదు.

వాడు సరిగ్గా ఆరింటికే వచ్చాడు. గొళ్ళెం పెట్టాడు. పొద్దున్న తీస్తే పై దూలం మీద ఐదు కోళ్ళు బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి, కింద రెండు చచ్చి పడున్నాయి, నాలుగు లేవు. గోడ నుంచి చెరకు గట్టు దాకా ఈకలే.

నాకు ఫోన్లో వింటుంటే మొదట అర్థం కాలేదు. తర్వాత లెక్క తేలింది. మేలో మా వైపు పొద్దు గుంకేసరికి ఆరుంపావు దాటుతుంది. నవంబరు ఆఖరున ఐదూ ఇరవైకే గుంకిపోతుంది. కోళ్ళు వెలుతురు తగ్గగానే గూటికెక్కి కూర్చున్నాయి, తలుపు అరగంటకు పైగా బార్లా తెరిచి ఉంది. చీకట్లో కోడికి కళ్ళు సరిగ్గా కనిపించవు, ఎగిరి పారిపోలేదు. నక్కకి అది వడ్డించిన విస్తరే. కుర్రాడు వచ్చేసరికి పని అయిపోయింది, వాడు లోపలికి టార్చి వేసి చూడలేదు. "మీరు చెప్పినట్టు ఆరింటికే మూసేశాను కదా మావయ్యా" అని ఏడుపు మొహం పెట్టాడు. పాపం, వాడు చేసిన తప్పేమీ లేదు. అదృష్టవంతుణ్ణి నక్క తోక తొక్కి వచ్చాడంటాం. ఆ రోజు ఆ నక్క ఎవరి తోక తొక్కి వచ్చిందో మరి.

అందుకని పక్కింటివాళ్ళకి గడియారం టైం చెప్పి వదిలెయ్యకండి. వెళ్ళే ముందు రెండు మూడు సాయంత్రాలు పెరట్లో కూర్చుని, మీ కోళ్ళలో ఆఖరుది ఎన్నింటికి లోపలికి వెళ్తోందో చూడండి. అది వెళ్ళిన ఐదు నిమిషాల్లో తలుపు పడాలి. మరీ ముందు మూసినా చిక్కే, చెట్టెక్కి కూర్చున్న కోడి బయటే ఉండిపోతుంది. మా మునగ చెట్టు మీద పడుకునే పెట్ట ఒకటి ఉండేది, దాన్ని రోజూ చేత్తో దించాల్సి వచ్చేది. ఇలాంటి మొండిఘటం మీ దగ్గర ఉంటే ఆ సంగతి పక్కింటివాళ్ళకి తెలియాలి. మీరు రోజూ ఆలోచించకుండా చేసేసే పనే వాళ్ళకి చెప్పడం మర్చిపోతారు.

అంతకంటే మేలు, ఆ మూడు రోజులూ కోళ్ళను అసలు బయటికి వదలకపోవడం. నేనిప్పుడు చేసేది అదే. గూటికి ఆనించి మెష్‌తో ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు దొడ్డి కట్టించాను, పైన కూడా మెష్ ఉంది. ఊళ్ళో లేనప్పుడు పగలు అందులోనే తిరుగుతాయి. రెండు రోజులు గోల చేస్తాయి, తర్వాత ఊరుకుంటాయి. కాస్త ఆకుకూర కట్ట కట్టి వేలాడదీస్తే పొడుచుకుంటూ కాలక్షేపం చేస్తాయి.

మెష్ విషయంలో డబ్బు చూసుకోకండి. కొట్లో కోళ్ళ మెష్ అని అమ్మే ఆరు మూలల పల్చటి జాలీ కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది, నక్కనో కుక్కనో బయట ఆపలేదు. పళ్ళతో పట్టి లాగితే తెగిపోతుంది. వెల్డ్ మెష్ తీసుకోండి, కన్ను అరంగుళానికి మించకూడదు. పెద్ద కన్నయితే నక్క రాకపోయినా ముంగిస దూరుతుంది. ఇక నక్క తవ్వేది గోడ మొదట్లోనే. అందుకని మెష్‌ను నిలువుగా ఆపెయ్యకుండా, బయటివైపు నేల మీద అడుగున్నర, రెండడుగులు పరిచి, పైన మట్టీ రాళ్ళూ వెయ్యండి. కాలికి తీగ తగిలితే అక్కడితో ఆపేస్తుంది. వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. ఇంత తెలివైన జంతువుకి ఆ ఒక్కటీ ఎందుకు తోచదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

గొళ్ళేనికి ఒక హుక్కో బోల్టో అడ్డం పెట్టండి. ఊగే గొళ్ళెం కుక్క మూతితో కూడా లేస్తుంది. అన్నట్టు, మీకు వినిపించేది ఊళ అయితే అది నక్కే. ఎనిమిది, పది కిలోలుంటుంది, కోడిని నోట కరుచుకుని గోడ దూకగలదు. గుంటనక్క వేరు, మహా అయితే మూడు నాలుగు కిలోలు, ఎక్కువగా ఎలకలూ పురుగులూ పళ్ళూ తిని బతుకుతుంది. కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుంది గానీ, ఊళ్ళో పోయే ప్రతి కోడినీ దాని ఖాతాలో వేస్తాం. నా అనుభవంలో కోళ్ళను చంపి తినకుండా వదిలేసి పోయేవి ఎక్కువగా మన వీధి కుక్కలే.

కొందరు సలహా ఇస్తారు, తీగ చుట్టి ఇంటి కరెంటు ఇచ్చెయ్యండి అని. దయచేసి ఆ పని చెయ్యకండి. పందుల కోసం పెట్టిన అలాంటి తీగలకి మనుషులే చనిపోయారు. మీరు ఊళ్ళో లేని మూడు రోజుల్లో మీ పెరట్లోకి వచ్చేది మీ కోళ్ళకి మేత వెయ్యడానికి వచ్చే పక్కింటావిడే. విషం, ఉచ్చులు కూడా వద్దు. నక్కకైనా గుంటనక్కకైనా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చంపితే కేసవుతుంది. మెరిసే సోలార్ లైట్లు, రేడియో లాంటివి నేనూ పెట్టాను. నక్క నాలుగు రోజులు దూరంగా ఉంది, ఐదో రోజు లైటు కిందే అడుగులు కనిపించాయి.

మేత లెక్క సులువే. పెద్ద కోడికి రోజుకి వంద, నూట ఇరవై గ్రాములు. మీ ఎనిమిదింటికి రోజుకి కిలో అనుకోండి. నూకలు, చోళ్ళు (రాగులు), మీరు అలవాటు చేసిన దాణా ఏదైనా సరే, రోజుకొక సంచి చొప్పున కట్టి ఇచ్చెయ్యండి. మూడు రోజులదీ ఒకేసారి కుమ్మరించి వెళ్తే రాత్రికి ఎలకలొస్తాయి, ఎలకల వెనక పామొస్తుంది. నీళ్ళు రోజుకి రెండు లీటర్లు, ఎండాకాలం అయితే దానికి రెట్టింపు, రెండు బరువైన తొట్లలో పెట్టండి. ఒకటి దొర్లినా ఇంకోటి ఉంటుంది.

కోళ్ళను చుట్టాలింట్లో దింపుదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. కొత్త కోళ్ళతో పొడుచుకోవడం ఒక ఎత్తు, అక్కడ కొక్కెర తెగులు లాంటి అంటురోగం ఉంటే ఇంటికి మోసుకొస్తారు.

పొదుగుకోడిని మాత్రం విడిగా చూడాలి. అది గూడు బయట ఏ మూలో కూర్చుని ఉంటే సాయంత్రం లేచి రాదు, ఎదురుగా నక్క వచ్చినా గుడ్ల మీంచి లేవదు. బయలుదేరడానికి నాలుగైదు రోజుల ముందే బాగా చీకటి పడ్డాక దాన్నీ గుడ్లనీ బుట్టతో సహా వసారాలోకో గదిలోకో మార్చండి. పొద్దున్న మళ్ళీ గుడ్ల మీదే కూర్చుంటే నిశ్చింత. లేచిపోతే అలవాటు పడే దాకా పైన గంప బోర్లించి ఉంచండి. దానికి రోజుకి ఒకసారి లేచి తిని, నీళ్ళు తాగి, రెట్ట వేసి రావడానికి పావుగంట కావాలి. ఆ పావుగంట కాపలా పక్కింటావిడకి చెప్పండి.

ఆవిడకి మీరు అడగాల్సింది ఇంకొక్కటే. రోజూ సాయంత్రం వాట్సాప్‌లో ఒక ఫోటో. మూసిన తలుపు ఫోటో పంపుతారు చాలామంది, మా కుర్రాడు కూడా మూసిన తలుపే చూశాడు. లోపల దూలం మీద కోళ్ళు కనిపించాలి, మీరు పెళ్ళిలో కూర్చుని ఏడూ లెక్కపెట్టుకోగలగాలి. ఆ మూడు రోజుల గుడ్లూ ఆవిడవే అని ముందే చెప్పెయ్యండి. గుడ్లు ఏరడానికైనా తలుపు తీసి లోపలికి తొంగి చూస్తుంది.