సమాధానం: కోర్‌లో ప్లస్ వెనక ఉన్న అసలు ఫంక్షన్ పట్టుకోవడం

మీ జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) ప్లగిన్‌కి కోర్‌లో, అంటే కంపైలర్ లోపల వాడుకునే మధ్యంతర భాషలో, ప్లస్, దాని పక్కన ఇంట్ టైపు, తర్వాత ఇంట్‌కి సంబంధించిన నమ్ (సంఖ్యల టైప్ క్లాస్) డిక్షనరీ, అంటే ఆ టైపుకి క్లాస్ మెథడ్లు ఉండే పట్టిక, కనిపిస్తున్నాయి, కానీ నిజంగా నడిచే కూడిక ఫంక్షన్ ఏదో తెలియడం లేదు, అంతేగా? పేర్లు చూసి ఊహించే పని మాత్రం పెట్టుకోకండి, వెర్షన్ మారగానే అదంతా బెడిసికొడుతుంది.

కోర్‌కి వచ్చేసరికి క్లాస్ అంటే మామూలు రికార్డే, ప్లస్ అందులోంచి ఒక గడిని తీసిచ్చే సెలెక్టర్. ముందు ఆ ఐడీ (కోర్‌లో ప్లస్‌ని సూచించే పేరు) క్లాస్ మెథడా కాదా అని అడగండి. అవునంటే టైపు ఆర్గ్యుమెంట్లు దాటాక వచ్చేదే డిక్షనరీ. దాని అన్‌ఫోల్డింగ్ (కంపైలర్ దాచుకున్న నిర్వచనం) తెరిస్తే డీఫన్ అన్‌ఫోల్డింగ్, అంటే డిక్షనరీల కోసం ఉన్న రకం, వస్తుంది, అందులో ముందు టైపు ఆర్గ్యుమెంట్లు, తర్వాత సూపర్‌క్లాసుల డిక్షనరీలు, ఆ తర్వాత మెథడ్లు వరుసగా ఉంటాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఆర్డ్‌లో (పోలిక క్లాస్) టైపులు దాటాక మొదటి గడి కంపేర్ కాదు, దాని సూపర్‌క్లాస్ ఈక్ డిక్షనరీ!

లిస్ట్‌కి షో లాంటి ఇన్‌స్టాన్స్ అయితే డిక్షనరీయే ఒక ఫంక్షన్, లోపలి ఎలిమెంట్ టైపునీ, దాని డిక్షనరీనీ దానికి ఇచ్చి, బైండర్ల (ఆ ఫంక్షన్ పారామీటర్ల) స్థానంలో పెట్టుకుని, మళ్ళీ అదే పని చేయాలి. సూపర్‌క్లాసు లేకుండా ఒకే మెథడ్ ఉన్న క్లాసులు చాలా వెర్షన్లలో న్యూటైపులు (వేరే రికార్డు లేకుండా ఒక విలువకే కొత్త టైపు పేరు), కాబట్టి రికార్డు బదులు కాస్ట్ (టైపు మార్పిడి) కనబడితే కంగారు పడకండి.

అన్‌ఫోల్డింగ్ ఖాళీగా వస్తే ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. డిక్షనరీ లాంబ్డా నుంచి వచ్చిన వేరియబుల్ (ఫంక్షన్‌కి బయటినుంచి అందే పారామీటర్) అయితే మాత్రం అక్కడ తేలేది ఏమీ లేదు, స్పెషలైజర్ పాస్ (ఫంక్షన్లకి నిర్దిష్ట టైపుల కాపీలు చేసే దశ) అయ్యాక మీ పాస్‌ని నడపండి, అప్పటికీ మిగిలితే వదిలేయండి.