మెయిల్ మాత్రం ఇంట్లో పెట్టకండి

ప్రశ్న: పోయిన నెల ఒక పెద్ద కంపెనీ నా ఖాతాను ఉన్నట్టుండి ఆపేసింది. కారణం చెప్పలేదు. ఫోటోలు, మెయిళ్లు, ఫైళ్లు అన్నీ అందులోనే. ఎన్ని ఫారాలు నింపినా మనిషన్నవాడు పలకలేదు. చివరికి తెరిచారు గానీ నాకు నమ్మకం పోయింది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది. మెయిల్‌తో సహా అన్నీ దానిమీద సొంతంగా నడుపుకోవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?

జవాబు: ముందు ఒక డొమైన్ పేరు, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు, కొనుక్కోండి. ల్యాప్‌టాప్ సంగతి తర్వాత. మీ మెయిల్ చిరునామా చివర ఇంకొకరి పేరు ఉన్నన్నాళ్లూ మీ బ్యాంకు, మీ బిల్లులు, ప్రతి పాస్‌వర్డ్ రీసెట్ వాళ్ల దయ మీదే ఉంటాయి. సొంత డొమైన్ ఉంటే, మెయిల్ ఎవరి సర్వర్‌లో ఉన్నా చిరునామా మీదే. ఆ కంపెనీ నచ్చకపోతే డొమైన్ సెట్టింగుల్లో ఎమ్ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేది) మార్చి ఇంకో కంపెనీకి వెళ్లిపోవచ్చు. ఉత్తరాలు రాసేవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఒక జాగ్రత్త: డొమైన్ అమ్మిన సంస్థ దగ్గర మీ లాగిన్‌కి ఆ డొమైన్ మీది మెయిలే ఇవ్వకండి. గడువు దాటి డొమైన్ ఆగిపోతే, దాన్ని తెరిచే లింకు ఆ ఆగిపోయిన మెయిల్‌కే వస్తుంది.

ఇక మెయిల్ సర్వర్. సర్వర్లు నడపడమే వృత్తిగా బతికినదాన్ని. అయినా నా మెయిల్ డబ్బిచ్చి వేరేవాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. మెయిల్ అందుకోవడం కష్టం కాదు. మీ సర్వర్ ఒకరోజు పడుకున్నా, పంపినవాళ్ల సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. పంపడం దగ్గరే చిక్కు. ఇళ్లకు కనెక్షన్ ఇచ్చే కంపెనీలు చాలావరకు మెయిల్ బయటికి వెళ్లే దారి అయిన పోర్ట్ 25ని మూసేస్తాయి. తెరిచినా, ఇళ్ల ఐపీ అడ్రస్‌లు (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే అంకెలు) చాలా ముందే బ్లాక్‌లిస్టుల్లో ఉంటాయి. రివర్స్ డీఎన్ఎస్, అంటే ఆ అడ్రస్ ఏ పేరుదో చెప్పే నమోదు, మీ చేతిలో ఉండదు. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ సరిగ్గా పెట్టాలి. రోజుకు ఐదు వేలకు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. చిన్నవాళ్లకు అంత గట్టిగా చెప్పకపోయినా వడపోత అందరికీ ఉంది. అన్నీ సవ్యంగా చేసినా మీ మెయిల్ అవతలివాళ్ల స్పామ్ ఫోల్డర్‌లో పడొచ్చు. పడిందని మీకు ఎవరూ చెప్పరు. ఉద్యోగానికి దరఖాస్తు పంపి, జవాబు ఎందుకు రాలేదో తెలియక కూర్చోవడం అనవసరమైన టెన్షన్.

ఏది ఇంట్లో ఉంచాలి, ఏది బయట ఉంచాలి అన్నదానికి నేను చూసేది ఒకటే: అవతలివాడు రేపు మూసేస్తే నాకు తిరిగి రానిది ఏమిటి? నచ్చిన సైట్ల కొత్త రాతలను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. జనం గోల పెట్టారు, కానీ తమ చందాల జాబితా దింపుకొని వేరేచోట చేరిపోయారు. జనం పాటలు పంచుకున్న సోషల్ మీడియా సైటు మైస్పేస్ అలా కాదు. అంతకుముందు సర్వర్లు మార్చేటప్పుడు, 2015కి ముందు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో బయటపడింది. సొంత కాపీ లేనివాళ్లకు ఆ పాటలు ఇక లేవు. మీ విషయంలో ఆ పాటల స్థానంలో ఉన్నవి ఫోటోలు.

కాబట్టి ల్యాప్‌టాప్ మీద మొదట ఫోటోలే పెట్టండి. డెబియన్ (ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడేలా, మూత మూసినా నిద్రపోకుండా అమర్చండి. సొంత సర్వర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌లలో ఫోటోలకు ఇమ్మిచ్ బాగుంటుంది, ఫైళ్లు కూడా కావాలంటే నెక్స్ట్‌క్లౌడ్. ర్యామ్ తక్కువుంటే ఇమ్మిచ్‌లో ముఖాలను గుర్తించే పని ఆపేయండి, లేకపోతే ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. కరెంటు గురించి దిగులక్కర్లేదు. పది వాట్లు తినే యంత్రం ఏడాదంతా నడిస్తే దాదాపు 88 యూనిట్లు. బ్యాటరీ చిన్న యూపీఎస్‌లా పనికొస్తుంది గానీ, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటే ఉబ్బొచ్చు. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టనిపిస్తే వెంటనే ఆఫ్ చేసి, బ్యాటరీ తీయించేయండి.

బయటి నుంచి చూసుకోవడానికి ఫోటోల సాఫ్ట్‌వేర్‌కి నేరుగా రూటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి దారులు) తెరవకండి. తెరిచిన కాసేపటికే ఎక్కడెక్కడి బాట్లో వచ్చి తలుపు తడతాయి. వైర్‌గార్డ్ వాడండి. అది మీ ఫోన్‌కీ ఇంటికీ మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన సొంత దారి; దానికి ఒక్క పోర్టు తెరిస్తే చాలు, తాళంచెవి లేనివాళ్లకు అది పలకదు. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు (ఐపీవీ4) మొత్తం 430 కోట్లకు కాస్త తక్కువే కాబట్టి చాలా కంపెనీలు బోలెడు ఇళ్లను ఒకే అడ్రస్ వెనక పెడతాయి. మీదీ అలాంటి కనెక్షనే అయితే వైర్‌గార్డ్ ఒక్కటీ చాలదు, మధ్యలో ఉండి రెండు వైపులనూ కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది కావాలి. అదీ ఒక కంపెనీయే కదా అంటారా? అవును. అది మూతపడితే దారి పోతుంది, ఫోటోలు పోవు.

ప్రశ్న: నా సర్వర్‌లో రెండు డిస్కులు రెయిడ్‌లో, అంటే ఒకే సమాచారం రెండింట్లోనూ రాసేలా, పెట్టాను. ఇంకా బ్యాకప్ అవసరమా?

జవాబు: అవసరమే. ఒక డిస్కు చెడిపోతే రెయిడ్ కాపాడుతుంది. మీరే తప్పు ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. రెస్టిక్ లేదా బోర్గ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు మార్చి) పంపితే అక్కడివాళ్లు చూడలేరు. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫోల్డర్‌ను కాపీ చేస్తే నమ్మలేం, డంప్ (అందులోని సమాచారమంతా ఒక ఫైలుగా) తీసి దాన్ని దాచండి. అప్పుడప్పుడూ ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి.

ప్రశ్న: మా ఆయన ఇంటిల్లిపాది ఫోటోలూ, పాస్‌వర్డ్‌లూ సొంత సర్వర్‌లోకి మార్చారు. బాగానే ఉంది. కానీ ఆయన ప్రయాణంలో ఉన్నప్పుడు అది ఆగిపోతే నాకేమీ తెలియదు. ఆయనకేమైనా అయితే? అడిగితే నవ్వేస్తున్నారు.

జవాబు: మీరు అడిగింది ఆయన ముందే ఆలోచించాల్సిన విషయం, నవ్వాల్సింది కాదు. ఆయన చేత ఒక కాగితం రాయించండి. సర్వర్ ఏది, ఎలా ఆపి మళ్లీ ఆన్ చేయాలి, బ్యాకప్ డిస్కు ఎక్కడుంది, దాని ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఎక్కడ దాచారు, డొమైన్ ఎవరి దగ్గర కొన్నారు, గడువు ఎప్పుడు. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ సర్వర్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో మాత్రమే ఉంటే, సర్వర్ పోయిన రోజున బ్యాకప్ ఉన్నా లేనట్టే. కాబట్టి దాన్నీ, ఆ మేనేజర్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్‌నూ మూసిన కవరులో విడిగా పెట్టించండి.

తర్వాత ఒక ఆదివారం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి, నోరు మాత్రం మెదపకూడదు. ఆ కాగితం చూసి మీరు బ్యాకప్ నుంచి ఒక ఫోటో తీయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆయన కాగితం దిద్దాలి. ఎంతకీ కుదరకపోతే, కుటుంబ ఫోటోల కాపీ ఒకటి మామూలు ఫోల్డర్లలో, ఏ కంప్యూటర్‌కి తగిలించినా తెరుచుకునే హార్డ్ డిస్కులో వేసి మీ బీరువాలో పెట్టమనండి. ఆరు నెలలకోసారి ఆయనే దాన్ని కొత్తది చేయాలి.