ఐదు గళ్ల మాట కోసం

చిట్టితల్లికి,

నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఐదక్షరాల ఇంగ్లీషు మాట కావాలి, అందులో ‘డి’, ‘ఇ’, ‘టి’ ఉండాలి, అరగంట కూర్చున్నా ఒక్కటీ తట్టలేదు, టెన్షన్‌గా ఉంది అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద రాస్తున్నాను. నిదానంగా చదువు.

రాజమండ్రిలో ఒక ప్రెస్సులో నేను కంపోజిటర్‌గా పనిచేసిన సంగతి నీకు తెలుసు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చడం మా పని. ఇంగ్లీషు అక్షరాలు పోసుకునే కేసులో గళ్లన్నీ ఒకే సైజులో ఉండవు. ‘ఇ’ గడి అన్నిటికన్నా పెద్దది. ‘జె’, ‘క్యూ’, ‘ఎక్స్’, ‘జెడ్’ గళ్లు చాలా చిన్నవి. ఏ అక్షరం ఎంత వాడకంలో ఉందో దాన్ని బట్టి చేసిన కొలత అది. పెళ్లిళ్ల సీజన్లో ఇంగ్లీషు కార్డులు వచ్చిపడేవి. ‘రిక్వెస్ట్స్ ద ప్లెజర్ ఆఫ్ యువర్ ప్రెజెన్స్’ అనే ఒక్క లైన్లోనే ఎనిమిది ‘ఇ’లున్నాయి, కావాలంటే లెక్కపెట్టి చూడు. నాలుగు కార్డులు ఒకేసారి పేరిస్తే ఆ పెద్ద గడి కూడా అడుగంటేది. అప్పుడు ‘ఇ’ లేని మాట, అదీ ఆ వెడల్పులో సరిగ్గా పట్టే మాట వెతుక్కోవాలి. అందుకే నీ కష్టం నాకు బాగా తెలుసు.

అక్షరాల బిళ్లలు పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే స్క్రాబుల్ ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ కూడా వార్తాపత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి, ఏ అక్షరానికి ఎన్ని బిళ్లలు ఉండాలో తేల్చాడు. మొత్తం 100 బిళ్లల్లో ‘ఇ’లు 12, ‘ఎ’లూ ‘ఐ’లూ తొమ్మిదేసి, ‘క్యూ’, ‘జెడ్’ ఒక్కొక్కటి. ఆ లెక్క మనసులో ఉంటే, మిగిలిన గళ్లలో ముందు దేన్ని పెట్టి చూడాలో తెలుస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మన పిల్లలు చెవితో వెతుకుతారు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి అలవాటు అలా పడింది. ఇంగ్లీషు మాటను కంటితో వెతకాలి తల్లీ. ‘డెబ్యూ’ అని పలికితే చివర ‘టి’ వినిపిస్తుందా? రాతలో ఉంది. ‘రిథమ్’ ఆరక్షరాల మాట, అందులో ‘ఎ, ఇ, ఐ, ఓ, యు’ ఒక్కటీ లేదు, అచ్చుల పని అంతా ‘వై’ చేస్తుంది. చెవిని నమ్ముకున్నవాళ్లకు ఇవి ఎప్పటికీ దొరకవు.

కాబట్టి ముందు కాగితం మీద ఐదు గళ్లు గియ్యి. నీ మూడక్షరాలు ఎక్కడెక్కడ కూర్చోగలవో చూడు. ‘ఇ’, ‘డి’ జంటగా చివర కూర్చోవడం ఇంగ్లీషులో మామూలు. అలా పెట్టేస్తే మూడు గళ్లే మిగులుతాయి, అందులో ఒకటి ‘టి’. ట్రైడ్, టైర్డ్, ట్యూన్డ్, టేమ్డ్ వచ్చేశాయా? మొదటి రెండింటిలో ఉన్నవి అవే ఐదక్షరాలు, చోట్లే మారాయి. ఇప్పుడు ‘డి’, ‘ఇ’లను ముందుకు తీసుకురా. డెబిట్, డెబ్యూ, డెప్త్, మన కాళ్ల కింద ఉన్న డెల్టా. ఆ డెల్టా అక్షరాలే అటూ ఇటూ మారిస్తే డెల్ట్ (డి-ఇ-ఎ-ఎల్-టి), అంటే డీల్‌కు భూతకాలం. ‘ఇ’ని చివరికి నెట్టు, ట్రేడ్ వస్తుంది. అరగంటలో రానివి ఐదు నిమిషాల్లో వచ్చాయి.

అక్షరాలకు ఇరుగుపొరుగు ఉంటుంది. అది గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. ‘క్యూ’ కనిపిస్తే పక్క గడిలో ‘యు’ రాసెయ్యి. ‘హెచ్’ ఇస్తే దాని ముందు ‘టి’, ‘ఎస్’, ‘సి’, ‘పి’, ‘డబ్ల్యు’, ‘జి’ వరసగా పెట్టి చూడు. ‘వి’ చివర దాదాపు ఆగదు, వెనక ‘ఇ’ వస్తుంది: గివ్, లవ్, హ్యావ్. ‘సి-కె’ జంట, ‘ఎన్-జి’ జంట మాట మొదట్లో రావు. పొడవాటి మాట అడిగితే భయపడకు. ‘ఐ-ఎన్-జి’ చివర పెట్టు, ఎనిమిది గళ్ల లెక్క ఐదు గళ్లకు దిగుతుంది. బహువచనం ఒప్పుకునే ఆటైతే ‘ఎస్’ చివర పెట్టు, ఇంకో గడి తగ్గుతుంది.

అక్షరాలన్నీ చేతిలో ఉండీ మాట తట్టకపోతే వాటిని వరసగా రాయకు. వరసగా ఉన్నంతసేపూ కన్ను అదే తప్పుడు మాట చదువుతుంది. గుండ్రంగా రాయి. ఇంకా మంచిది, పాత పెళ్లి కార్డు వెనక రాసి ముక్కలుగా కత్తిరించి బల్ల మీద జరుపు. ‘ఐ, ఎస్, ఎల్, ఇ, టి’ ఇలా జరిపితే ఐలెట్ వచ్చింది నాకు, అంటే చిన్న లంక. ఇక్కడా ‘ఎస్’ పలకదు చూడు. కాస్త జరిపితే టైల్స్, మన పాతింటి పెంకులు. ఇంకాస్త జరిపితే స్టైల్, కంచె దాటడానికి కట్టే మెట్టు.

ఒక నోటుబుక్కు పెట్టుకో. డిక్షనరీలా మొదటి అక్షరం బట్టి కాకుండా, ఎన్ని అక్షరాలో దాన్ని బట్టి పేజీలు వెయ్యి. చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టు. నాలుగు పేజీలో కాయిర్, మన కొబ్బరి పీచు. ఐదు పేజీలో కోప్రా, ప్యాడీ, కెనాల్. ఆరు పేజీలో అనికట్. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్టకు ఇంగ్లీషువాళ్లు వాడిన మాట అది, తమిళం నుంచి తీసుకున్నారు.

ఫోన్లో తెలియని అక్షరం చోట ప్రశ్న గుర్తు కొడితే మాటల జాబితా ఇచ్చే డిక్షనరీలున్నాయి. వాడుకో, తప్పు లేదు. కాకపోతే పది నిమిషాలు సొంతంగా కుస్తీ పట్టాకే తెరువు. జాబితాలో నీకు ముందే తెలిసీ గుర్తురాని మాటలు ఏవో చూడు. అవి ఎక్కడ ఆగిపోయాయో, చివరి గడి దగ్గరా, పలకని అక్షరం దగ్గరా, నోటుబుక్కులో పక్కన రాసుకో. తెలియని మాటలు రోజుకు రెండు చాలు.

ఇక ఒకటి ఇస్తున్నాను, సంక్రాంతికి వచ్చేలోపు చెప్పాలి. తొమ్మిది గళ్లు. రెండు ‘ఓ’లు పక్కపక్కనే ఉంటాయి, చివరి గడిలో ‘టి’, మొదటి గడిలో ‘బి’. మన తెలుగులోంచే ఇంగ్లీషులోకి వెళ్లింది. రాత్రిపూట చేను గట్టుకు బొరియలు పెట్టి నీళ్లన్నీ పక్క చేలోకి పోయేలా చేస్తుంది. మీ అమ్మను మాత్రం అడగకు, తనకు తెలుసు.

మీ తాతయ్య
అంబాజీపేట