ఎలక్ట్రానిక్ త్రాసు సున్నా దగ్గర నిలవకపోతే బీమ్ త్రాసుకి మారాలా?

తూటాల రీలోడింగ్‌కి అంటే వాడేసిన తూటాల ఖాళీ గొట్టాల్లో మళ్లీ మందు నింపడానికి, పౌడర్ తూచేటప్పుడు మీ ఎలక్ట్రానిక్ త్రాసు సున్నా దగ్గర నిలవడం లేదన్నారు. అప్పుడే మార్చేయకండి. అరగంట ముందే ఆన్ చేసి ఉంచండి, ఫ్యాన్ ఆపండి, ఫోన్ దూరంగా పెట్టండి. పౌడర్‌ని గ్రెయిన్లలో తూస్తారు కదా, 0.1 గ్రెయిన్ అంటే దాదాపు 6.5 మిల్లీగ్రాములే, కాస్త గాలి కదిలినా అంకె మారిపోతుంది. పౌడర్ మరీ కొద్దికొద్దిగా రాలుస్తుంటే కొన్ని త్రాసులు ఆ పెరుగుదలని పట్టుకోవు. పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టి చూడండి.

నేనైతే బీమ్ త్రాసునే, అంటే కడ్డీ మీద బరువులు జరిపి తూచేదాన్నే, నమ్ముతాను. పని నిదానమే, కానీ కరెంటుతో సంబంధం లేదు. బల్ల సమంగా ఉండాలి, బీమ్ ఆనే అంచు మీద దుమ్ము ఉండకూడదు, ముల్లుని కంటికి సూటిగా చూడాలి.

ఏది వాడినా చెక్ వెయిట్ (బరువు కచ్చితంగా తెలిసిన తూకపురాయి) తప్పనిసరి, అదీ మీరు వేసే పౌడర్ బరువుకి దగ్గరగా ఉన్నది. అది తేడా చూపిస్తే, క్రితంసారి సరిచూసిన తర్వాత నింపిన తూటాలన్నీ దయచేసి పక్కన పెట్టేయండి.