ఒకే మాల్ట్, రెండు బీర్లు

ప్రశ్న: లండన్‌లో ఉండే మా తమ్ముడు ఇంట్లో బీరు కాస్తాడు. పోయినసారి ఒకే మాష్ (వేడి నీళ్లలో నానబెట్టిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి రెండు రకాలు తీయబోతే, ఘాటుది పులియడం మధ్యలో ఆగి తియ్యగా మిగిలింది. రెండోది నీళ్లలా ఉంది. ఈ వేసవిలో నేనూ అక్కడికి వెళ్తున్నాను. కొలతలు చెప్పండి. తిరిగొచ్చాక ఇక్కడ మా ఫ్లాట్‌లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఇక్కడ కుదరదండి. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. బ్రిటన్‌లో సొంత వాడకానికి కాసుకునే బీరుకు 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే తప్పు. కాబట్టి ఈ కొలతలు మీ తమ్ముడి వంటింటికే.

పేల్ (లేత రంగు) మాల్ట్ 5 కిలోలు తీసుకోండి. గింజ పగలాలి, పొట్టు మాత్రం నలగకూడదు. పొట్టే వడపోత, పిండి చేస్తే మాష్ గిన్నె అడుగు పంపు (కుళాయి) దగ్గర అడ్డుపడి చుక్క దిగదు. 15 లీటర్ల నీళ్లు 73 డిగ్రీలకు కాచి మాల్ట్ కలిపితే మాష్ 66 దగ్గర నిలుస్తుంది. గంటసేపు కప్పి ఉంచండి. 69 దాటితే పులియని చక్కెరలు పెరుగుతాయి, ఘాటు బీరు తియ్యగా ఆగిపోవడానికి అదొక కారణం.

పంపు కొద్దిగానే తిప్పండి. మొదటి రెండు మూడు లీటర్లు మడ్డిగా వస్తాయి, వాటిని మెల్లగా మళ్లీ పైనుంచి పోయండి. తేటపడ్డాక సుమారు 10 లీటర్లు దిగుతుంది. రసం ఎంత చిక్కనో చెప్పే హైడ్రోమీటర్‌లో 1.078 దాకా చూపాలి (నీళ్లు 1.000). గంట మరిగించి 8 లీటర్లకు తెస్తే 1.097 అవుతుంది. పులిశాక ఆల్కహాల్ 9 శాతం దాటుతుంది.

రెండో విడత దగ్గరే చాలామంది తొందరపడతారు. కాఫీ ఫిల్టర్‌లో రెండో డికాషన్‌లాగే ఇందులోనూ సారం తక్కువ. మిగిలిన మాల్ట్ మీద 250 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ (వేయించిన తీపి మాల్ట్) కలిపి, 77 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు పోసి, 20 నిమిషాలు ఆగి వడకట్టండి. బీరుకు చిక్కదనం, రంగు ఇచ్చేది ఆ క్రిస్టలే. మీ తమ్ముడు అది వేసి ఉండకపోవచ్చు. దిగే రసం 1.010 కిందికి పడితే ఆపేయండి, ఆ తర్వాత పొట్టులోని వగరు దిగుతుంది. మరిగాక 12 లీటర్లు, 1.035 దగ్గర మిగలాలి; మూడున్నర శాతం బీరు.

మరిగేటప్పుడు వేసే చేదు పూలు హాప్స్. 5 శాతం ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) ఉన్న గోల్డింగ్స్ రకం ఘాటుదానికి 50 గ్రాములు, పల్చటిదానికి 20 చాలు. చిక్కటి రసంలోకి చేదు సరిగ్గా దిగదు, అందుకే ఆ తేడా.

తేడా మరీ ఎక్కువనిపిస్తే చల్లార్చాక, ఈస్ట్ వేయకముందు, రెండింటి నుంచి రెండేసి లీటర్లు అటూ ఇటూ మార్చండి. అప్పుడు 1.081, 1.045 వస్తాయి. లండన్‌లో ఫుల్లర్స్ బ్రూవరీ వాళ్లు లండన్ ప్రైడ్, ఈఎస్‌బీ వంటి బీర్లను ఒకే మాష్ రసాలను ఇలా పాళ్లు మార్చి కలిపే తీసేవారు. మాకు నచ్చే పద్ధతి కూడా ఇదే.

ఘాటుది ఆగిపోవడానికి అసలు అనుమానం ఈస్ట్ మీదే. 11.5 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్లు రెండు కొనండి. ఒకటిన్నర ఘాటుదానికి, సగం పల్చటిదానికి. చాలామంది సరిసమానంగా పంచి దెబ్బతింటారు. చల్లారిన రసాన్ని నురగ వచ్చేలా గట్టిగా గిలకొట్టి, 18 నుంచి 20 డిగ్రీల్లో ఉంచండి. 25 దాటితే ఘాటైన స్పిరిట్ వాసన పట్టుకుంటుంది.

మూడు రోజులు వరసగా ఒకే రీడింగ్ వస్తేనే సీసాల్లో నింపండి. ఘాటుది 1.040 దగ్గర నిలిచిపోతే సీసాకెత్తొద్దు, లోపల మళ్లీ పులిసి పగులుతుంది. ఆగిన బీరును 21 డిగ్రీలకు తెచ్చి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ను మెల్లగా కదిపి వారం చూడండి. లీటరుకు 5 గ్రాముల చక్కెర వేసి నింపాక పల్చటిది మూడు వారాలకే తాగవచ్చు, ఘాటుది కనీసం మూడు నెలలు నిలవాలి.