పల్లీ చట్నీ తిన్న పది నిమిషాలకే పెదవులు వాచాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. మా బాబుకి అయిదేళ్లు. మొన్న ఆదివారం బండి మీద నుంచి ఇడ్లీ తెచ్చుకున్నాం. పల్లీ చట్నీ అద్దుకుని రెండు ముక్కలు తిన్నాడు, పది నిమిషాల్లో పెదవులు వాచాయి, పొట్ట మీద దద్దుర్లు లేచాయి, ఓసారి వాంతి కూడా అయ్యింది. మా అత్తయ్యగారు వేడి చేసిందని మజ్జిగ తాగించారు. మందుల షాపులో ఇచ్చిన అలర్జీ సిరప్ వేశాక సాయంత్రానికి తగ్గింది. రెండేళ్లప్పుడు చిక్కీ కొరికినా మూతి చుట్టూ ఎర్రగా అయిందని ఆవిడే గుర్తు చేశారు. వంద రకాల తిండికి ఒకేసారి రక్తపరీక్ష చేస్తారట, చేయించమంటారా? స్కూలుకి పంపాలంటే భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క మీ అత్తయ్యగారు చెప్పిన చిక్కీ సంగతే. రెండుసార్లూ వేరుశనగే, రెండోసారి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇది వేడి కాదు, పల్లీ అలర్జీ అని గట్టిగా అనుమానించాలి. పైగా చర్మంతో ఆగలేదు, వాంతి కూడా అయ్యింది కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసెయ్యొద్దు. పోయినసారి తేలిగ్గా పోయింది కదా అని ఈసారీ అలాగే పోతుందన్న గ్యారంటీ ఈ జబ్బులో లేదు.

ఆ వంద రకాల పరీక్ష వద్దు. అలాంటి ప్యాకేజీల్లో చాలావాటిలో చూసేది రక్తంలో ఉండే ఐజీజీ అనే యాంటీబాడీని, అది మనం ఆ తిండి తింటున్నామని చెబుతుందంతే. ఆ కాగితం పట్టుకుని పాలు, గుడ్డు, గోధుమ అన్నీ మాన్పించి పిల్లల్ని చిక్కి సగమయ్యేలా చేసిన ఇళ్లు చూశాను, నాకు చాలా బాధగా ఉంటుంది. మీవాడికి కావలసింది పల్లీ ఒక్కదానికే చర్మపరీక్ష, లేదా పల్లీకి ఐజీఈ (అలర్జీ తెప్పించే యాంటీబాడీ) రక్తపరీక్ష. చర్మపరీక్షంటే భయపడక్కర్లేదు. ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, పక్కన ఒక్కో చుక్క మందు వేసి, సన్నటి మొనతో పైపైన గుచ్చుతారు. పావుగంటకి దోమ కుట్టినట్టు బొబ్బ లేస్తే స్కేలు పెట్టి కొలుస్తారు. పోల్చడానికి వేసిన ఉప్పునీటి చుక్క దగ్గరకంటే 3 మిల్లీమీటర్లు పెద్దగా ఉంటే పాజిటివ్. దానికి కొన్ని రోజుల ముందు నుంచి అలర్జీ సిరప్ ఆపాలి, ఎన్ని రోజులన్నది మందుని బట్టి మీ డాక్టరు చెబుతారు. పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, తిన్నప్పుడు ఏం జరిగిందో దానితో కలిపి చూడాలి. మీవాడి విషయంలో ఆ కథ స్పష్టంగానే ఉంది.

అప్పటిదాకా పల్లీ పూర్తిగా బంద్. కష్టం ఎక్కడంటే మన వంటల్లో అది కనపడకుండా ఉంటుంది: గుత్తివంకాయ మసాలా, పులిహోర, కొన్ని ఇళ్లలో ఇడ్లీ కారం. టిఫిన్ బండి దగ్గర అల్లం చట్నీ అడిగినా, పల్లీ చట్నీలో ముంచిన గరిటే అందులోనూ పడుతుంది. గానుగ వేరుశనగ నూనెలో పల్లీ ప్రోటీన్ మిగిలి ఉండొచ్చు, అదీ వద్దు. ప్యాకెట్ తిండి మీదైతే వేరుశనగ ఉన్న సంగతి రాయాలని 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లేబులింగ్ నిబంధనల్లో ఉంది, చదివి కొనండి. బండి దగ్గర నోరు తెరిచి అడగాల్సిందే.

ఇక స్కూలు. టీచరుకి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసివ్వండి. ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, వాంతులు ఆగకపోవడం, కళ్లు తిరిగి వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా సిరప్ వేసి చూద్దామని కూర్చోకూడదు. సిరప్ దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ బయటివైపు కండకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. 108కి ఫోన్ చేసి, పిల్లాణ్ణి పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి, నడిపించొద్దు. తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రిలో కొన్ని గంటలు ఉండాలి, మళ్లీ తిరగబెట్టొచ్చు. ఆ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవడం, బరువుని బట్టి డోసు, చేసే పద్ధతి మీ డాక్టరు దగ్గర ఈ వారమే నేర్చుకోండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను, వయసు 34. చిన్నప్పటి నుంచీ రొయ్యలు తింటూనే ఉన్నాను. ఏడాదిగా రొయ్యల వేపుడు తింటే గొంతు దురద, ఇంట్లో ఎండు రొయ్యలు వేయిస్తుంటే ఆయాసం. చేపలు కూడా మానాలా?

జవాబు: ఇన్నేళ్లూ తిన్నాను కదా అనే నమ్మకం ఇక్కడ పనిచెయ్యదండీ, రొయ్యల అలర్జీ పెద్దయ్యాకే మొదలవడం మామూలే. దీనికి ఎక్కువగా కారణమయ్యే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఎంత ఉడికించినా పోదు, పొగలో, ఆవిరిలో కూడా వస్తుంది. అందుకే పొయ్యి దగ్గర నిలబడ్డా మీకు ఆయాసం. పీతల్లోనూ అదే రకం ఉంటుంది కాబట్టి అవీ వద్దు. చేపల అలర్జీకి కారణమయ్యే ప్రోటీన్ వేరు, ఇప్పటిదాకా పడుతుంటే చేపలు మానక్కర్లేదు, కాకపోతే మార్కెట్లో రొయ్యలు ఒలిచిన చెక్క మీదే చేప కోయించొద్దు, వేయించిన నూనె కూడా వేరుగా ఉండాలి. ఆయాసం దాకా వచ్చారు కాబట్టి డాక్టర్ని కలవడం వాయిదా వెయ్యకండి, ఇంట్లో ఎండు రొయ్యలు వేయించడం ఈరోజే ఆపించండి.

ప్రశ్న: మిర్చి యార్డులో పని. ఘాటుకి రోజూ తుమ్ములు, దగ్గు. కారం తిన్నా ముక్కు కారుతుంది. నాకు మిర్చి అలర్జీ ఉన్నట్టేనా?

జవాబు: చాలామందిలో కాదు. కారంలోని క్యాప్సైసిన్ ముక్కుని, గొంతుని మండిస్తుంది, అది ఎవరికైనా జరిగేదే. దద్దుర్లు, వాపు లేకుండా ముక్కు మాత్రమే కారుతుంటే కూరలో కారం మానక్కర్లేదు. పనిలో ముక్కుకి బిగుతుగా పట్టే మాస్కు పెట్టుకోండి. సెలవు రోజున తగ్గి పనికెళ్లగానే దగ్గు మొదలవుతోందా, రాత్రిళ్లు పిల్లికూతలు వస్తున్నాయా అన్నది రెండు వారాలు కాగితం మీద రాసుకుని, అలా ఉంటే ఆ కాగితంతో సహా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.