మీరడిగారు, మేం చెప్తున్నాం: తాగునీళ్లలోకి సముద్రం

ప్రశ్న: మా తాగునీటి బోరు సముద్రానికి దగ్గర్లోనే ఉంటుంది. నెలకోసారి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకి మిల్లీగ్రాముల్లో) మీటరు పెట్టి చూస్తాం, ఎప్పుడూ 400 దాటలేదు. ఇంక వేరే పరీక్షలు దండగ అంటున్నారు మా కమిటీలో. నిజమేనా అండీ?

జవాబు: 400 అంటే మంచి నీళ్లేనండి, అందులో అనుమానం లేదు. కానీ మీరు చూస్తున్నది బోరులోంచి పైకొచ్చిన నీళ్లని, అక్కడ ఉప్పు కనిపించిందీ అంటే అది ఆల్రెడీ మీ బోరు దాకా వచ్చేసినట్టే, అప్పుడు చేయగలిగేది తక్కువ. భూమి లోపల మంచినీళ్లు తేలిక కాబట్టి కింద ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. 1888, 1901 ఆ ప్రాంతంలోనే గైబెన్, హెర్జ్‌బర్గ్ అని ఇద్దరు విడివిడిగా దీని లెక్క తేల్చారు, సముద్రమట్టం కన్నా మంచినీటిమట్టం 1 మీటరు పైనుంటే కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్లుంటాయి. ఇప్పుడు దీన్నే తిప్పి చూడండి, మోటారు తెగ నడిపి మట్టం అర మీటరు దించేశారనుకోండి, కింద ఉప్పునీళ్లు 20 మీటర్లు పైకి రావడానికి దారిచ్చినట్టే. వెంటనే రావు, ఏళ్లు పట్టొచ్చు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

కాబట్టి ముందు చూడాల్సింది టీడీఎస్ కాదు, నీటిమట్టం. టేపు దింపి కొలవడమే, పెద్ద ఖర్చేం కాదు, కాకపోతే సముద్రమట్టంతో పోల్చాలి కాబట్టి బోరు మూతి ఎత్తు ఒకసారి సర్వే చేయించి పెట్టుకోవాలి (చాలాచోట్ల ఈ ఒక్క పనీ చేయరు, తర్వాత పదేళ్ల రికార్డు ఉన్నా అది సముద్రానికి పైనో కిందో ఎవరూ చెప్పలేరు). రెండోది, సముద్రానికీ మీ బోరుకీ మధ్యలో ఒక కాపలా బోరు ఉండాలి, నీళ్లు తోడటానికి కాదు, చూడటానికే. అందులో జల్లెడ పైపు (నీళ్లు లోపలికొచ్చే చిల్లుల పైపు) పొట్టిగా, మీరు తోడే లోతుకి కింద ఉండాలి. పైనుంచి కిందదాకా జల్లెడ పెట్టేస్తే పై నీళ్లూ కింది నీళ్లూ బోరులోనే కలిసిపోయి రీడింగ్ మోసం చేస్తుంది.

సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. నాలుకకి ఉప్పు తెలిసేది దాదాపు 250 దగ్గర, చాలా దేశాల ప్రమాణమూ అదే. అంటే వంద లీటర్లలో లీటరున్నర కూడా అక్కర్లేదు, నీళ్లు చెడిపోవడానికి.

ప్రశ్న: ఒకే బోరు, ఒకసారి 600 చూపిస్తుంది, వారం తిరక్కుండా 900. ల్యాబ్ రిపోర్టు ఇంకోలా ఉంటుంది. ఏది నమ్మాలి?

జవాబు: మీ మీటరు ఉప్పుని కొలవదండి. కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో కొలిచి, లోపల ఏదో గుణకంతో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది, ఆ గుణకం ఒక కంపెనీది 0.5 అయితే ఇంకోదానిది 0.7. అందుకే కండక్టివిటీ (కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చెప్పే) అంకెనే రాసుకోండి, అది 25 డిగ్రీలకి సరిచేసిందో లేదో చూడండి, డిగ్రీకి దాదాపు 2 శాతం తేడా వస్తుంది మరి. 1413 అని రాసున్న ప్రామాణిక ద్రావణం దొరుకుతుంది, కొలిచే ముందు దాంట్లో ముంచి మీటరు సరిచూసుకోండి.

మీటరు బాగున్నా తేడా వస్తే మోటారు ఎన్ని గంటల నుంచి నడుస్తోందో చూడండి. ఎక్కువసేపు తోడితే బోరు కింద ఉప్పునీళ్లు శంకువులా పైకి ఉబుకుతాయి, ఆపితే మెల్లగా దిగుతాయి. పోటు, పాటు కూడా తీరం దగ్గర బోర్ల మట్టాన్ని ఆడిస్తాయి. కాబట్టి ఎప్పుడూ ఒకే పోటు సమయంలో, రీడింగ్ నిలకడగా వచ్చేదాకా నీళ్లు వదిలేసి, అప్పుడు తీసుకోండి. ఒక్క అంకె చూసి కంగారు పడొద్దు, ఏడాది అంకెలు గ్రాఫు గీసి చూస్తే అది ఎటు పోతోందో తెలుస్తుంది.

ప్రశ్న: నీళ్లు ఉప్పెక్కితే అది సముద్రమేనా?

జవాబు: కానక్కర్లేదు. డ్రైనేజీ, ఉప్పునీటి చెరువుల ఊట, ఎప్పుడో ఆ చోట సముద్రం ఉన్నప్పుడు మట్టిలో చిక్కుకుపోయిన పాత నీళ్లు, ఏదైనా కావొచ్చు. ల్యాబ్‌లో బ్రోమైడ్ కూడా చేయించండి, సముద్రపు నీళ్లలో క్లోరైడ్ దానికి బరువులో సుమారు 290 రెట్లుంటుంది. మురుగైతే ఆ నిష్పత్తి చాలాసార్లు అంతకన్నా బాగా ఎక్కువుంటుంది, పక్కనే నైట్రేట్ కూడా కనబడొచ్చు. ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టమైన గుర్తు: ఉప్పునీళ్లు కొత్తగా చొరబడుతున్నప్పుడు బంకమట్టి సోడియాన్ని పట్టుకుని కాల్షియాన్ని వదిలేస్తుంది, అందుకని క్లోరైడ్‌తో పోలిస్తే సోడియం తగ్గి, కాల్షియం పెరుగుతూ కనిపిస్తుంది. రుచి మారకముందే ఇది దొరకొచ్చు.

ప్రశ్న: మాకు నది నుంచి వస్తాయి నీళ్లు. మాకేం భయం లేదుగా?

జవాబు: ఉంది. నదిలో ప్రవాహం తగ్గితే బరువైన ఉప్పునీళ్లు అడుగున పలచని మొనలా ఎగువకి వస్తాయి, పైన మాత్రం మంచినీళ్లే పారుతుంటాయి. 2023లో కరువొచ్చి మిసిసిపీ నదిలో ఇలాగే జరిగింది, అమెరికా సైన్యం ఇంజనీర్లు నది అడుగున అడ్డుగట్టు కట్టి, తర్వాత దాన్ని ఇంకా ఎత్తు పెంచారు. అమెరికాలోనే డెలావేర్ నదిలోనైతే క్లోరైడ్ లీటరుకి 250 మిల్లీగ్రాములకి చేరే గీత ఎక్కడిదాకా వచ్చిందో లెక్కేస్తూ ఉంటారు, 1964 కరువులో ఆ గీత ఫిలడెల్ఫియా దాకా వచ్చింది. మీ సెన్సారు నీటి పైన ఉంటే, ఇంకొకటి అడుగున పెట్టమనండి.

ప్రశ్న: కాచి తాగితే పోతుందా ఉప్పు?

జవాబు: పోదు. నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. ఆర్‌ఓ తీసేస్తుంది.

ప్రశ్న: కాపలా బోరులో ఉప్పు కనిపించిందనుకోండి, అప్పుడేం చెయ్యాలి?

జవాబు: తోడటం తగ్గించాలి, ఒకే లోతైన బోరు మీద పడకుండా దూరంగా, లోతు తక్కువ బోర్లకి పంచాలి. కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ వాళ్లయితే 1970ల నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని తీరం పక్కన బోర్లలోకి ఎక్కించి సముద్రానికి అడ్డుగోడలా నిలబెడుతున్నారు, అది అందరికీ అందే పని కాదులెండి. అందరూ చేయగలిగింది ఒకటుంది, అంకె ఎంత దాటితే ఎవరు ఏ మోటారు ఆపాలో ముందే కాయితం మీద రాసి పెట్టుకోవడం, ఎందుకంటే ఎండాకాలం నడిమధ్యలో నీళ్లకోసం జనం గోల పెడుతుంటే మోటారు ఆపమని చెప్పే ధైర్యం అప్పటికప్పుడు ఎవరికీ రాదు.